మూసీ పుట్టిన గుట్ట, దాని కింది ఊళ్లు

హైదరాబాద్‌కు పడమటి దిక్కున దాదాపు 75 కిలోమీటర్ల దూరంలో, వికారాబాద్ పట్టణాన్ని ఆనుకొని ఉన్న అనంతగిరి గుట్టలు నగరంలో ఉండేవారికి ఆదివారం పూట వెళ్లి సాయంత్రానికి తిరిగి రాదగిన చల్లని చోటుగానే తెలుసు. ఆ గుట్టల వాలుల్లోనూ, పాదాల వద్దా కెరెళ్ళి వంటి ఊళ్లు, వాటి చుట్టూ చిన్నచిన్న తండాలు తరతరాలుగా ఉన్నాయని, వాటి బావుల్లోకి, చెరువుల్లోకి నీరు ఆ గుట్టల నుంచే దిగుతుందని గుర్తించేవారు తక్కువ. అరకు దారిలో ఉన్న అనంతగిరి వేరు. పేరు ఒకటే కావడం వల్ల రెండింటినీ కలిపి చెప్పుకోవడం పరిపాటి అయింది గానీ, అది తూర్పు కనుమల ఎత్తైన మన్యం, ఇది దక్కన్ పీఠభూమి మీద సముద్రమట్టానికి 600 మీటర్లకు పైన లేచిన ఎర్రమట్టి గుట్టల వరుస. కొండ ఊరు అనగానే తెలుగువారికి మన్యమో నల్లమలో మనసులో మెదులుతుంది కాబట్టి, మైదానపు జిల్లాగా లెక్కకు వచ్చే వికారాబాద్‌లోనూ కొండ మీద ఆధారపడి బతికే ఊళ్లు ఉన్నాయన్న సంగతి మరుగున పడిపోయింది.

ఈ ఊళ్ల బతుకును అర్థం చేసుకోవడానికి ముందు వాటి కింద ఉన్న రాయిని అర్థం చేసుకోవాలి. దాదాపు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట భూగర్భం నుంచి పొరలు పొరలుగా పొంగి పరుచుకున్న లావా గట్టిపడి నల్లరాయిగా మారింది. శాస్త్రజ్ఞులు బసాల్ట్ అనే ఈ రాతి విస్తారాన్ని దక్కన్ ట్రాప్స్ అంటారు. మహారాష్ట్రను దాదాపుగా కప్పేసిన ఆ లావా ఆగ్నేయ దిశలో వికారాబాద్ ప్రాంతం దాకా వచ్చి ఆగింది కాబట్టి, జిల్లాకు తూర్పున చేవెళ్ల వైపు గ్రానైటు బండలు, మధ్యలో లావా గుట్టలు, పడమట తాండూరు వైపు లావా కన్నా ఎంతో పాతదైన సున్నపురాయి కనిపిస్తాయి. అనంతగిరి శిఖరభాగంలో ఈ నల్లరాయి లక్షల ఏళ్ల వానలకు, ఎండలకు శిథిలమై, కరిగిపోయే పదార్థాలన్నీ కొట్టుకుపోగా ఇనుము, అల్యూమినియం మిగిలి, లాటరైట్ అనే రంధ్రాలున్న ఎర్రరాయిగా మారింది. వాన నీరు ఈ ఎర్రరాయిలోకి సులువుగా ఇంకి, అడుగున ఉన్న బంకమట్టి పొర దగ్గర ఆగి, పక్కకు జరిగి గుట్ట వాలులో ఊటగా బయటికి వస్తుంది. గుట్ట మీద పడిన వాన వెంటనే జారిపోకుండా నెలల తరబడి కొద్దికొద్దిగా కిందికి దిగడానికి కారణం ఈ ఏర్పాటే.

ఆ ఊటల్లో ఒకటి మూసీ. అనంతగిరిలో సన్నని వాగుగా బయలుదేరి, 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్‌ను, అంటే జనం గండిపేట అని పిలిచే చెరువును నింపి, హైదరాబాద్‌ను చీల్చుకొని, నల్లగొండ జిల్లా వాడపల్లి వద్ద కృష్ణలో కలిసే ఈ నది ప్రయాణం దాదాపు 240 కిలోమీటర్లు. గుట్టకు పడమటి వాలున పడిన నీరు మాత్రం ఈ దారి పట్టదు. అది కాగ్నా నదిగా తాండూరు మీదుగా కర్ణాటకలోకి వెళ్లి, ఒకప్పుడు రాష్ట్రకూటుల రాజధానిగా వెలిగిన మాన్యఖేటం, అంటే నేటి మల్ఖేడ్, పక్కగా పారి భీమా నదిలో కలుస్తుంది, భీమా రాయచూరు ప్రాంతంలో కృష్ణలో చేరుతుంది. ఒకే గుట్ట మీద పక్కపక్కనే పడిన రెండు చినుకుల్లో ఒకటి నగరం గుండా, మరొకటి రెండు రాష్ట్రాల గుండా ప్రయాణించి చివరికి వాడపల్లి వద్ద ఒకే కృష్ణలో కలుస్తున్నాయన్నమాట. 1908 సెప్టెంబరు 28న హైదరాబాద్‌ను ముంచెత్తిన వరద, దాని తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో కట్టిన జలాశయాలు, 1996లో ఆ జలాశయాల చుట్టూ 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేస్తూ వచ్చిన 111 జీవో, వీటన్నిటి గురించి నగరంలో చర్చ జరిగినంతగా నది పుట్టిన చోటి గురించి ఎన్నడూ జరగలేదు.

లావా పొరల మధ్య మరో విశేషం కూడా ఉంది. ఒక విడత లావాకూ మరో విడతకూ నడుమ వేల ఏళ్ల విరామం ఉండేది. ఆ కాలంలో ఏర్పడిన చెరువులు, మడుగులు తరువాతి లావా కింద పూడిపోయి రాతి పొరలుగా మిగిలాయి. పరిగి సమీపంలోని నస్కల్ ఊరి వద్ద ఇటువంటి పొరలో దొరికిన అతి సూక్ష్మమైన పళ్ల ఆధారంగా జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని అనే శాస్త్రజ్ఞులు 1988లో ‘నేచర్’ పత్రికలో ఒక వ్యాసం ప్రకటించారు. అవి డైనోసార్ల కాలం చివర, క్రెటేషియస్ యుగంలో, బతికిన ఎలుకంత క్షీరదానివి. భారతదేశంలో ఆ యుగానికి చెందిన క్షీరదం దొరకడం అదే మొదటిసారి. ఆ జీవికి వారు పెట్టిన డెక్కనోలెస్టిస్ అనే పేరులో దక్కన్ నిలిచింది గాని, దానికి జన్మస్థలమైన ఊరి పేరు ప్రపంచ పుస్తకాల్లో ఉన్నంతగా జిల్లా బడి పిల్లలకు తెలియదు.

గుట్టకు మనుషులను రప్పించిన మొదటి కారణం దైవం. భాగవతం దశమ స్కంధంలో కాలయవనుడు శ్రీకృష్ణుణ్ణి తరుముతూ ఒక గుహలోకి రావడం, అక్కడ యుగాలుగా నిద్రిస్తున్న ముచుకుందుడి కంటిచూపుకు భస్మం కావడం ప్రసిద్ధమైన కథ. ఆ గుహ ఇక్కడిదేనని, ఆ ముచుకుందుడి పేరే మూసీకి వచ్చిందని స్థానికుల నమ్మకం. అనంత పద్మనాభస్వామి ఆలయానికి ఆషాఢంలో తొలి ఏకాదశినాడు చిన్న జాతర, కార్తీకంలో పెద్ద జాతర జరుగుతాయి. ఈ జాతరలు భక్తికి ఎంత ముఖ్యమో చుట్టుపక్కల ఊళ్ల లెక్కల పుస్తకానికీ అంతే ముఖ్యం: బొరుగులు, పేలాలు, గాజులు, బొమ్మలు అమ్మేవారికీ, కొబ్బరికాయల దుకాణాలవారికీ కార్తీకంలో వచ్చే ఆదాయం తక్కిన ఏడాదిలో ఎప్పుడూ రాదు. గుట్టకు పడమట ధారూర్ వద్ద నవంబరులో జరిగే మెథడిస్ట్ క్రైస్తవుల జాతర కూడా ఇదే అడవి అంచున, ఇంచుమించు ఇదే కాలంలో వస్తుంది. పక్క రాష్ట్రాల నుంచి సైతం జనం రైళ్లలో వచ్చి గుడారాలు వేసుకొని రోజుల తరబడి ఉంటారు. వరి కోతలు, పత్తి ఏరుడు నడుమ ఈ రెండు జాతరలు పల్లెలకు పండుగా, సంతా కలిసి వచ్చే రోజులు.

రెండో కారణం గాలి. నిజాం పాలనలో ఈ గుట్ట మీద క్షయ రోగుల కోసం ఒక శానిటోరియం ఏర్పడింది. మందులు లేని కాలంలో ఎత్తైన, పొడి గాలి వీచే చోట నెలల తరబడి విశ్రాంతి ఇవ్వడమే క్షయకు వైద్యంగా భావించేవారు కాబట్టి, ఐరోపాలో ఆల్ప్స్ మీద, మన దేశంలో మదనపల్లెలో వెలసినట్లే ఇక్కడా ఒకటి వెలసింది. ఆ నమ్మకానికి తెర పడింది కూడా మన దక్షిణాదిలోనే: మద్రాసులో 1956లో మొదలైన క్షయ చికిత్స పరిశోధన కేంద్రం, మందులు సరిగా వాడితే పేదరోగి తన ఇంట్లోనే ఉండి కూడా శానిటోరియంలో ఉన్నవాడితో సమానంగా కోలుకుంటాడని 1959లో రుజువు చేసింది. అయినా అనంతగిరి గాలి మంచిదన్న పేరు పోలేదు. ఈ పేరే తరువాత విహారయాత్రలకు పెట్టుబడి అయింది.

ఊళ్ల అసలు ఆర్థిక వ్యవస్థ మాత్రం గుట్ట మీద కాదు, గుట్టకూ పొలానికీ మధ్య ఉంది. ఎర్రనేలలో మొక్కజొన్న, పెసర, పత్తి, కూరగాయలు పండిస్తూ, నీరున్న చోట చెరువు కింద వరి వేస్తూ, మిగిలిన దానికి అడవి మీద ఆధారపడడం ఇక్కడి పద్ధతి. అడవి ఇచ్చే వాటిలో ప్రధానమైనది సీతాఫలం. ఎవరూ నాటకుండా, నీరు పెట్టకుండా రాళ్ల సందుల్లో పెరిగే ఈ చెట్టు మేకలు కూడా ముట్టని ఆకు కలది కావడం వల్ల మేత ఒత్తిడిని తట్టుకొని నిలిచింది. దసరా ముందునుంచి దీపావళి దాటే దాకా మహిళలు తెల్లవారుజామున గుట్ట ఎక్కి కాయలు కోస్తారు. ఏ కాయ కోయాలో తెలియడం ఇందులో విద్య. కాయ మీది కళ్ల నడుమ ఉన్న గాడులు విచ్చుకొని పసుపు కలిసిన తెలుపు రంగు తేలితే దాన్ని కన్ను విప్పిన కాయ అంటారు, అది గంపలో ఆకుల నడుమ మూడు నాలుగు రోజుల్లో పండుతుంది. కన్ను విప్పకముందే కోసినది ఎన్నాళ్లు దాచినా నల్లబడి రాయి అవుతుంది తప్ప పండదు. పండిన కాయ ఒక రోజు మించి ఆగదు కాబట్టి, కోసినవారికి బేరం ఆడే వ్యవధి ఉండదు. వికారాబాద్ స్టేషన్ దగ్గరో, రోడ్డు వారనో సాయంత్రానికి గంప ఖాళీ కావలసిందే. తక్కువ ధరకు ఎక్కువ కాయలు నగరానికి చేరడంలో లాభం ఎవరిదో దీన్ని బట్టి ఊహించవచ్చు.

సీతాఫలం తరువాత మోదుగు. పూసినప్పుడు అడవిని ఎర్రగా మార్చే ఈ చెట్టు ఆకులను ఎండబెట్టి, సన్నని పుల్లలతో కుట్టి విస్తర్లు చేయడం మొన్నమొన్నటి దాకా ముసలివాళ్లు ఇంటి అరుగు మీద కూర్చొని చేసిన పని. పెళ్లిళ్ల కాలానికి ముందే కట్టలు కట్టి అటక మీద దాచేవారు. పలుచని ప్లాస్టిక్ పూత వేసిన కాగితపు పళ్లేలు వచ్చాక ఈ పని దాదాపు ఆగిపోయింది. ఈ చిన్న విషయాన్ని ఇక్కడ ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది: సరిగ్గా ఇటువంటి ఆకుల పనే జపాన్‌లో ఒక కొండ ఊరిని నిలబెట్టింది.

జపాన్ భూభాగంలో దాదాపు నాలుగింట మూడు వంతులు కొండలే. అక్కడి పల్లెల్లో పుట్టిన పిల్లలు 1950ల తరువాత ఫ్యాక్టరీల పనికి టోక్యో, ఒసాకా నగరాలకు తరలిపోయి తిరిగి రాకపోవడంతో, ఊళ్లలో వృద్ధులే మిగిలారు. జనాభాలో సగానికి పైగా 65 ఏళ్లు దాటినవారే ఉండి, చావులూ బతుకులూ చూసుకోవడానికి కూడా మనుషులు చాలని ఊరిని అక్కడి సమాజ శాస్త్రజ్ఞుడు ఓనో అకిరా ‘గెంకై షూరకు’ అని, అంటే అంచుకు చేరిన పల్లె అని వర్గీకరించాడు. షికొకు దీవిలోని ఇయా లోయలో నగోరో అనే ఊరిలో మనుషులు తగ్గిపోయిన కొద్దీ, వారికి బదులుగా గుడ్డ బొమ్మలను పొలాల్లో, బస్సు ఆగే చోట, 2012లో మూతబడిన బడి తరగతి గదిలో కూర్చోబెట్టారు. ఇప్పుడు ఆ ఊరిలో మనుషుల కన్నా బొమ్మలే అనేక రెట్లు ఎక్కువ. 2023లో జపాన్ ప్రభుత్వం చేసిన సర్వేలో దేశం మొత్తం మీద 90 లక్షల ఇళ్లు ఖాళీగా ఉన్నట్లు తేలింది. సందర్శకులను ఆకర్షించిన ఊళ్లు కూడా ఉన్నాయి. మంచు జారిపోయేలా నిటారుగా గడ్డి కప్పు వేసిన ఇళ్లున్న షిరకావా-గో 1995లో యునెస్కో వారసత్వ జాబితాలోకి చేరాక లక్షల మంది వస్తున్నారు. అక్కడ ఒక ఇంటి కప్పు మార్చడానికి ఊరంతా కలిసి పనిచేసే ‘యుయి’ అనే పద్ధతి ఉంది, అది మన తెలంగాణ పల్లెల్లోని బదిలి వంటిదే. ఈ రోజు నీ చేనులో నేను, రేపు నా చేనులో నీవు అన్న ఒప్పందం మీద, కూలి డబ్బు లేకుండా సాగే పని అది.

అయితే వికారాబాద్ గుట్టల ఊళ్లకు దగ్గరి పాఠం షిరకావా-గోలో కాదు, అదే షికొకు దీవిలోని కామికత్సులో ఉంది. 1981లో వచ్చిన గడ్డకట్టించే చలికి నారింజ జాతి తోటలు చనిపోయి జీవనాధారం పోయిన ఆ ఊరు, 1986లో అడవి ఆకులను కోసి అమ్మడం మొదలుపెట్టింది. జపాన్ సంప్రదాయ భోజనశాలల్లో వడ్డించే పళ్లెంలో ఋతువును సూచించే ఒక ఆకో, పువ్వో, రెమ్మో పెట్టడం ఆచారం. మేపుల్, గింగో, చెర్రీ రెమ్మలు వంటి 300కు పైగా రకాలను అక్కడి వృద్ధ మహిళలు కోసి, శుభ్రం చేసి, ఏ రోజు ఏ ఆకుకు ఎంత గిరాకీ ఉందో తెరమీద చూసుకొని పంపుతారు. ఆకుకు బరువు ఉండదు, డెబ్బై ఎనభై ఏళ్ల చేతులు కూడా ఆ పని చేయగలవు, నేలకు నష్టం లేదు. 2003లో ఆ ఊరే చెత్తను పూర్తిగా లేకుండా చేసుకుంటామని ప్రకటించి, ఇప్పుడు చెత్తను 40కు పైగా రకాలుగా వేరు చేస్తోంది. అయినా కామికత్సు జనాభా తగ్గడం ఆగలేదు, ఇప్పుడు 1,500కు మించదు. ఆకులు ఊరిని యవ్వనంలోకి తీసుకురాలేదు, వృద్ధులకు సొంత సంపాదనను మాత్రం ఇచ్చాయి. దీన్ని అద్భుతంగా చెప్పే రచనలు చాలా ఉన్నాయి కాబట్టి ఈ పరిమితిని గుర్తుంచుకోవడం మంచిది.

జపాన్‌తో పోలిక ఒక చోట తలకిందులవుతుంది. అక్కడ జనం తగ్గిన ఊళ్లను కలిపి ఒక్కటి చేయడమే ప్రభుత్వ విధానం; 1999లో 3,200కు పైగా ఉన్న స్థానిక సంస్థలు పదేళ్ల తరువాత దాదాపు 1,700కు తగ్గాయి. తెలంగాణలో జరిగింది ఇందుకు సరిగ్గా వ్యతిరేకం: 2018 పంచాయతీరాజ్ చట్టం 500 మంది జనాభా ఉన్న తండాలను, గూడేలను ప్రత్యేక పంచాయతీలుగా విడదీసింది, రాష్ట్రంలో పంచాయతీల సంఖ్య 12,700 దాటింది. వికారాబాద్ జిల్లాలో దీని ప్రభావం పెద్దది, ఎందుకంటే ఇక్కడి గుట్ట అంచుల్లో ఉన్నవి ఎక్కువగా లంబాడీ తండాలే. ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోసుకొని దక్కన్ అంతా తిరిగిన ఈ జనం, 1874లో సికింద్రాబాద్ నుంచి వికారాబాద్, తాండూరు మీదుగా వాడి దాకా రైలు పడ్డాక ఆ వ్యాపారానికి కాలం చెల్లి, గుట్ట పక్కన మిగిలిన బీడు భూముల్లో సేద్యానికి స్థిరపడ్డారు. తెలంగాణలో వారు 1976 చట్టం ద్వారా షెడ్యూల్డు తెగల్లో చేరారు. బషీరాబాద్ దాటి కర్ణాటకలోకి అడుగుపెడితే అదే సమాజం షెడ్యూల్డు కులాల జాబితాలో ఉంటుంది. ప్రధాన గ్రామపు సర్పంచి ఇంటి ముందు నిలబడవలసిన తండావారికి సొంత సర్పంచి, సొంత ట్రాక్టరు, సొంత నర్సరీ రావడం చిన్న మార్పేమీ కాదు.

జనాభా లెక్క కూడా జపాన్‌కు భిన్నమే. 2016 అక్టోబరు 11న ఏర్పడిన వికారాబాద్ జిల్లాలో 2011 లెక్కల ప్రకారం 9 లక్షల 27 వేల మంది ఉండగా, నూటికి 86 మంది పల్లెల్లోనే ఉన్నారు. అంటే ఇక్కడి ఊళ్లు ఖాళీ కాలేదు. ఏడాదిలో కొన్ని నెలలు ఖాళీ అవుతాయి. కొడంగల్, దౌల్తాబాద్, బొంరాస్‌పేట వైపు తండాల నుంచి కుటుంబాలు ముంబై, పుణె నగరాలకు కట్టడాల పనికి పోవడం దశాబ్దాలుగా ఉన్నదే. అవ్వా తాతా పిల్లలను చూసుకుంటూ ఊరిలో ఉంటారు, తీజ్ పండుగకో, జాతరకో, వానలకో మిగిలినవారు తిరిగి వస్తారు. జపాన్‌లో యువకులు వెళ్లి రానందువల్ల ఊరు ముసలిదైతే, ఇక్కడ వెళ్లి వస్తూ ఉన్నందువల్ల ఊరు నిలకడ లేనిదైంది.

పడమటి వైపు తాండూరు ఇందుకు కొంత మినహాయింపు. సున్నపురాయి మీద ఏర్పడిన నల్లరేగడిలో తేమ చాలాకాలం నిలవడం వల్ల అక్కడి కందికి ప్రత్యేకమైన రుచి, త్వరగా ఉడికే గుణం వచ్చాయి. 2022 డిసెంబరులో తాండూరు కందిపప్పుకు భౌగోళిక గుర్తింపు దక్కింది, దాని కోసం దరఖాస్తు చేసింది యాలాల రైతు ఉత్పత్తిదారుల సంస్థ. అదే సున్నపురాయి పలకలు నాపరాయిగా, షాబాద్ బండలుగా తెలుగు ఇళ్ల నేలల మీద పరుచుకున్నాయి, సిమెంటు ఫ్యాక్టరీలను రప్పించాయి. తన నేల ఇచ్చిన వస్తువుకు ఊరి పేరు పెట్టి అమ్ముకోవడం తాండూరు నేర్చుకుంది; గుట్ట మీది సీతాఫలానికి ఆ పేరు ఇంకా రాలేదు.

గుట్టకు వచ్చింది పర్యాటకం. రాష్ట్ర పర్యాటక సంస్థ హరిత రిసార్టు, కోట్‌పల్లి జలాశయంలో కయాకింగ్, కేంద్ర ప్రభుత్వపు స్వదేశ్ దర్శన్ 2.0 పథకంలో అనంతగిరికి చోటు, వీటి వెనుకే పొలాల్లో వరుసగా లేచిన ప్రైవేటు విడిదులు, ఫామ్‌హౌస్‌లు వచ్చాయి. వీటివల్ల తోటమాలి, వంట, కాపలా ఉద్యోగాలు వచ్చిన మాట నిజమే. అయితే భూమి అమ్మినవాడికి అదే భూమిలో కాపలా ఉద్యోగం రావడాన్ని అభివృద్ధి అనడం కష్టం. అంతకన్నా పెద్ద విషయం నీటిది: ఎర్రరాయిలో ఇంకిన నీటిని గుట్ట తల మీదనే లోతైన బోర్లతో తోడి ఈతకొలనులు నింపితే, వాలున ఉన్న ఊట ఎండుతుంది, దాని కింద ఉన్న చేదబావి ఎండుతుంది, చివరికి వాగు ఎండుతుంది. పూడూరు మండలం దామగుండం అడవిలో 2024 అక్టోబరు 15న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేసిన నౌకాదళ కేంద్రం గురించి వచ్చిన వాదోపవాదాలు కూడా ఇదే ప్రశ్న చుట్టూ తిరిగాయి. సముద్రం అడుగున ఉన్న జలాంతర్గాములకు సందేశాలు పంపడానికి నీటిలోకి చొచ్చుకుపోగల అతి తక్కువ పౌనఃపున్యపు తరంగాలు కావాలి, వాటికి చాలా విశాలమైన యాంటెనాలు కావాలి; తమిళనాడులోని తిరునల్వేలి వద్ద 1990 నుంచి పనిచేస్తున్న ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ తరువాత ఇది దేశంలో రెండోది. దీనికి కేటాయించిన దాదాపు 2,900 ఎకరాలు అడవి భూమి కావడంతో, దేశ రక్షణ అవసరాన్ని ప్రశ్నించకుండానే, మూసీ తల దగ్గరి చెట్ల లెక్క ఎవరు చూస్తారని పర్యావరణవాదులు అడిగారు. చెట్లు తిరిగి నాటుతామన్న హామీ ఉన్నా, నాటిన మొక్క ఊటను నిలపడానికి ఎన్నేళ్లు పడుతుందన్నది వేరే లెక్క.

మూసీని నగరంలో 55 కిలోమీటర్ల మేర బాగుచేయడానికి 2017లోనే ప్రత్యేక సంస్థ ఏర్పడింది. పుట్టిన చోట నదిని కాపాడే బాధ్యత మాత్రం ఏ సంస్థకూ ప్రత్యేకంగా లేదు. ఉన్నదల్లా గుట్ట చుట్టూ ఉన్న పంచాయతీలు. 2018 చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. కెరెళ్ళి మొదలుకొని అనంతగిరి చుట్టూ ఉన్న ప్రతి ఊరూ, ప్రతి తండా తన పరిధిలోని ఊటలు, చేదబావులు, వాగుల పేర్లు ఒక రిజిస్టరులో రాయించి, కొత్త బోరుకో కొత్త విడిదికో అనుమతి అడిగినప్పుడు ముందు ఆ రిజిస్టరు తెరవాలి. సీతాఫలం, మోదుగు విస్తరి కొనుగోలుకు మహిళా సంఘాల పేరుమీద ఒక ధర నిర్ణయించుకోవాలి. ఈ రెంటికీ కొత్త చట్టం అవసరం లేదు, వచ్చే గ్రామసభలో తీర్మానం చేస్తే చాలు.